రెండు వేళ్ల కత్తెర

మొన్న పిట్లం రోడ్డు మీద ఒక కుక్క ఎదురొచ్చింది. గుర్రమంత కుక్క. దాని పొట్ట నిండా వంద కుట్లు.

గుర్రమంత కాదు. మామూలు కుక్కే, కాస్త బలిసింది. కుట్లు కూడా వంద లేవు. పొట్ట కింద వెంట్రుకలు గొరిగిన చోట జానెడు గీత, అంతే. చెప్పిన మాటను చెప్పిన వెంటనే నేనే కోసుకోవలసి రావడం ఈ మధ్యనే మొదలైంది. అంతకు ముందు ఆ పనికి వేరే మనిషి ఉండేవాడు.

కుక్కను తాడు పట్టి నడిపిస్తున్న ఆడమనిషిని ఆపి అడిగాను.

“ఏమైందమ్మా దీనికి?”

“తిల్లి తీసేసిన్రు తాతా. కడుపుల గడ్డ అయిండె. ఆపరేషన్ జేసి, గా గడ్డను పరీక్షకు పంపితే మంచి గడ్డనే, ఫికర్ లేదన్నరు.” ఆమె నవ్వింది. “తిల్లి లేకున్నా బతుకుతదంట! మటన్ దుకాణంల కొనుడే గని, గిది లేకున్నా నడుస్తదని నాకు గిప్పుడే ఎర్కైంది.”

తిల్లి అంటే ప్లీహం. అది లేకున్నా బతుకుతారని నాకు ముందే ఎరుక. అందుకే పక్కనున్న చెప్పుల దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. దుకాణం వాడు నీళ్లు తెచ్చిచ్చి, “ఎండ దెబ్బ” అన్నాడు. నేనూ అవునన్నాను. ఎండ ఏమీ లేదు. మబ్బు పట్టి ఉంది.

నా మాటలు కోసే ఆ మనిషిని నేను బావ అనేవాణ్ణి. అతనూ నన్ను బావ అనేవాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. అతనిది బీర్కూర్ దిక్కు ఊరు. కాలువ కింద కొంత వరి, కొంత చెరకు. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఆ దారిలో నా బస్సు ఎక్కని మనిషి లేడు, నాకు తెలియని ఇల్లు లేదు. సరే, సగం మంది నా బస్సు ఎక్కారనుకోండి. మిగతా సగం ఆటోల్లో పోయేవారు.

ఒకరోజు నా బస్సులో బావ గంప ఒకటి ఒళ్లో పెట్టుకుని, దాని మీద తువాల కప్పి కూర్చున్నాడు. గంపలోంచి కుయ్యి మని చప్పుడు.

“ఏంది గది?” అన్నాను.

“గోంగూర.”

“గోంగూర మొరుగుతదా?”

“అందర్ని జూసి మొరుగదు. కండక్టర్లను జూస్తెనే.”

బస్సంతా నవ్వింది. తువాల ఎత్తి చూస్తే నల్లటి కుక్కపిల్ల. నేను రూలు మాట్లాడి, ఇది పెరిగితే పులంత అవుతుందని, పెద్దయ్యాక దీనికి సీటు కావాలని ఏదో అన్నాను. అప్పుడు మొదటిసారి చూశాను ఆ వేళ్లను. చూపుడు వేలూ నడిమి వేలూ కత్తెరలా తెరిచి, నా మాట ఏదో గాలిలో దారంలా వేలాడుతున్నట్టు, నా మూతి ముందర దాన్ని కోశాడు. నోటితో “కచ్” అన్నాడు. “పులంత గాదు. పులిల సగం. కూసో.”

కూర్చోవలసింది తను. నిలబడి టిక్కెట్లు కొట్టవలసింది నేను. అయినా ఎందుకో అతని పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత ఎన్నేళ్లు చూశానో ఆ కత్తెరను. బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో మా బల్ల ఒకటి ఉండేది. ఎరువుల కోసం, బ్యాంకు కోసం, ఏ పనీ లేకపోతే నా కోసం బాన్సువాడ వచ్చేవాడు. అతనికి అన్నీ సగమే. చాయ్ సగం తాగి మిగతాది నా గ్లాసులోకి వంచేవాడు. బీడీ సగం తాగి నలిపి చెవి మీద పెట్టుకునేవాడు. ఇంటి దగ్గర జొన్నరొట్టె సగం విరిచి తువాలలో మూట కట్టుకుని చేనికి పోయేవాడు. ఆ సగం నల్లోడిది. నల్లోడంటే గంపలోని గోంగూర. పెరిగి చెరకు చేనికి కాపలాదారు అయ్యాడు.

“చెరకుకు పందుల బాధ. కరెంటు తీగ పెడితే మనుషులు సస్తరు. నల్లోడైతే మొరుగుతడు, అంతే,” అనేవాడు బావ. నల్లోణ్ణి ఎన్నడూ ‘అది’ అనలేదు. ‘వాడు’ అనే అనేవాడు.

నా కథలన్నింటికీ ఆ కుక్కే ముడిసరుకు. ఒకసారి హోటల్లో అందరూ వినేట్టు చెప్పాను. “ఏం జెప్పాలె, నిన్న నల్లోడు మూడు పందుల్ని కాలువ దాంక తరిమిండు. గీ కండ్లతోని చూసిన.”

వేళ్లు లేచాయి. “కచ్. ఒకటిన్నర.”

“ఒకటిన్నర పందేంది పటేలా?” అన్నాడు చాయ్ పోసే ఆయన.

“ఒకటి పంది. గా అర మా బావ. చెట్టెక్కి వొణుకుతుండె.”

నిజానికి పంది ఒక్కటే. అదీ తనంతట తనే పోతూ ఉంది. చెట్టెక్కిన మాట మాత్రం ఎంత కోసినా తరిగేది కాదు.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. నేను పెంచి చెప్పేది అతను కోస్తాడనే. అంగడిలో తువాల అమ్మేవాడు రెండింతలు చెప్తాడు, కొనేవాడు సగానికి అడుగుతాడు. ఇద్దరికీ అసలు ధర తెలుసు. అందులో మోసం లేదు, అది బేరం మర్యాద. మా ఇద్దరి మధ్య మాటలు అట్లా నడిచేవి. నేను చెప్పిన దాంట్లోంచి సగం తీసేస్తే నిజం మిగలాలి. అది మా ఒప్పందం. ఎవరం నోరు విప్పి చేసుకున్నది కాదు. కానీ ఒప్పందమే.

నల్లోడికి వయసు పైబడ్డాక ఒక కాలంలో రొట్టె ముట్టడం మానేశాడు. నడుస్తూ నడుస్తూ గట్టు మీద పడుకునేవాడు. పిట్లం రోడ్డులో కుక్కలకు మందులిచ్చే డాక్టరమ్మ ఒకామె కొత్తగా చిన్న దవాఖాన పెట్టింది. ఆమె దగ్గర పొట్ట లోపల చూసే స్కానింగ్ మిషన్ ఉందని నేనే కనుక్కున్నాను, నేనే ఆటో మాట్లాడాను. అంతవరకూ నా నడత మంచిదే. ఆ మంచినైనా నా ఖాతాలో రాసుకోనివ్వండి.

డాక్టరమ్మ చేతులతో నల్లోడి పొట్ట తడిమి చూసింది. ఎడమ పక్క ఒక చోట ఆగింది. “స్కాన్ చేద్దాం,” అని పొట్ట మీద వెంట్రుకలు గొరిగింది. నల్లోడు బల్ల మీద ఉండడు. బావ ఎటు కదిలితే అటు లేస్తాడు.

“పెద్దాయనా, మీరు బయట కూసోండి. మీరు కనిపిస్తే వీడు పండుకోడు,” అందామె.

బావ గుమ్మం దగ్గర ఆగి నా భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు చూడు బావా. ఆమె చెప్పింది నాకు చెప్పు. డాక్టర్ల మాటలు నాకు సమజ్ గావు. నువ్వైతే బస్సుల లోకమంత చూసినోనివి.”

లోపల నేను నల్లోడి ముందు కాళ్లు పట్టుకున్నాను. డాక్టరమ్మ చల్లటి జిగురేదో పూసి, చేతిలోని పనిముట్టును పొట్ట మీద జరుపుతూ పోయింది. తెర మీద వాన పడుతున్న పాత టీవీ లాంటి బొమ్మ. నాకేమీ తెలియలేదు. ఆమె చెప్తూ పోయింది. ఇది లివర్. ఇది మూత్రం సంచి, నీళ్లు గనుక నల్లగా కనిపిస్తుంది. ఇది తిల్లి, నాలుక లాగా పొడుగ్గా ఉంది చూడండి. ఆ నాలుక చివర ఒక చోట ఉబ్బు. అందులో నల్లటి మచ్చలు. ఆమె బొమ్మను ఆపి, ఆ ఉబ్బుకు ఈ కొసన ఒక గుర్తు, ఆ కొసన ఒక గుర్తు పెట్టి కొలిచింది.

“నిమ్మకాయంత ఉంది,” అంది.

తర్వాత ఆమె చెప్పిన మాటలు నాకు ఈ రోజుకీ వరసగా గుర్తు. “చుట్టూ నల్లగ ఏం లేదు, అంటే కడుపుల రక్తం కారలేదు. లివర్ల మచ్చలు లేవు. గుండె దగ్గర కూడా చూసిన, బాగుంది. గీ గడ్డ మంచిదా చెడ్డదా అన్నది మాత్రం ఈ మిషన్ చెప్పదు, నేనూ చెప్పలేను. తిల్లి తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తది. పగిలితే మాత్రం కష్టం. నిజామాబాద్‌ల ఆపరేషన్ చేస్తరు, నేను ఫోన్ చేసి చెప్త. వయసైంది గని, వీడు తట్టుకుంటడు. తొందరగ తీస్కపోండి.”

అంతలో బండి గుద్దిన కుక్కనొకదాన్ని మోసుకుంటూ ఎవరో పరుగున వచ్చారు. ఆమె అటు తిరిగింది. “మీరు జర ఆయనకు చెప్పుండ్రి. నేను తర్వాత మాట్లాడుత.”

బయట బల్ల మీద బావ తువాల ముడి వేస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. నల్లోడు ఉరికిపోయి అతని మోకాళ్ల మధ్య తల పెట్టాడు.

“ఏమన్నది బావా?”

నేను నోరు తెరిచాను.

“గడ్డ అయింది బావా. కొబ్బరికాయంత గడ్డ. తిల్లంత అదే. లోపల అంతట పాకింది.”

ఎందుకన్నాను? దుఃఖంతోనా? దుఃఖమూ ఉంది. కానీ దాంతో పాటు, ఇంత పెద్ద సంగతి మోసుకొచ్చింది నేనే కదా అన్న ఉబలాటమూ ఉంది. నా నాలుకకు నిమ్మకాయ ఎప్పుడూ చాలలేదు. పైగా, కోయడానికి మనిషి ఎదురుగానే ఉన్నాడు. నేను ఆ వేళ్ల కోసం చూశాను. అవి లేవాలి. “కచ్, సగం కొబ్బరికాయ,” అనాలి. అప్పుడు నేను, “సరేలే, నిమ్మకాయ. ఆపరేషన్ చేస్తే బతుకుతడన్నది,” అనాలి. ఇద్దరం నవ్వాలి. నిజామాబాద్ పోవాలి.

వేళ్లు లేవలేదు. అవి నల్లోడి చెవి వెనక వెంట్రుకల్లో ఉండిపోయాయి.

“గంతగనం పాకిందా,” అన్నాడు బావ. “అయితె కోపిచ్చుడెందుకు. వాణ్ణి ఇంకింత సతాయించుడెందుకు. పా, ఇంటికి పోదం.”

ఆ ఆటోలో, కాలువ వంతెన దాటి వాళ్ల ఊరు చేరేదాకా, నాకు చెప్పడానికి కావలసినంత దారి ఉంది. చెప్పలేదు. చెప్పాలంటే, ఇందాక అన్నది అబద్ధం అని మొదలుపెట్టాలి. కన్నీళ్లు పెట్టుకున్న మనిషి ముందు ఆ మాట ఎట్లా మొదలవుతుందో నాకు తెలియలేదు. మరునాడు డాక్టరమ్మ ఫోన్ చేసింది. అక్కడ నా నంబరే ఇచ్చాం, బావ తెలియని నంబర్లు ఎత్తడని. “ఏమనుకున్నరు? నిజామాబాద్‌ల చెప్పమంటరా?” అంది.

“ఆలోచిస్తుండమ్మా,” అన్నాను.

రెండోసారి కూడా చేసింది. నేనే ఎత్తలేదు.

ఆ తర్వాతి కాలంలో నల్లోడికి జరిగిన రాజభోగం ఏ కుక్కకూ జరగలేదు. కోసుకోవలసిన మాట కాదిది, నిజమే. బావ రొట్టె మొత్తం వాడికే పెట్టడం మొదలుపెట్టాడు. పాలు. కోడికూర. చేనికి మోసుకుపోవడం, గట్టు మీద గోనెసంచి పరిచి పడుకోబెట్టడం. వాడు కాస్త కోలుకున్నాడు కూడా. తోక ఊపుతూ గట్టు వెంట నడిచాడు. అది చూసి నా కడుపు చల్లబడింది. చూశావా, నేను చెప్పినా చెప్పకపోయినా వాడు బతుకుతున్నాడు అనుకున్నాను. మనసు ఎంత బేరగాడో.

చెరకు కొడుతున్న దినాల్లో, ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. “వాడు లేస్తలేడు బావా. పండ్ల చిగుళ్లు సున్నం లెక్క తెల్లగైనయి.”

పోయేసరికి నల్లోడు చెరకు మోపుల పక్కన పక్కకి పడి ఉన్నాడు. పొట్ట ఉబ్బింది. ఊపిరి చిన్న చిన్నగా తీస్తున్నాడు. ఆటోలో బావ ఒళ్లో తల, నా ఒళ్లో కాళ్లు. డాక్టరమ్మ వాణ్ణి చూడగానే లోపలికి మోయించుకుపోయింది. ఈసారి వాడు ఎవర్ని చూసినా లేచే స్థితిలో లేడు. “పెద్దాయనా, మీరు రాండ్రి,” అంది. నేనూ కదిలాను. బావ వెనక్కి తిరగకుండానే, “నువ్వు ఈడనే ఉండు,” అన్నాడు.

నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను. తలుపు అవతల మాటలు వినిపిస్తున్నాయి, ఏ మాటో తెలియడం లేదు. ఒకసారి డాక్టరమ్మ గొంతు లేచింది.

బావ నల్లోణ్ణి తువాలలో చుట్టి ఎత్తుకుని వచ్చాడు. తువాల చాలలేదు, వెనక కాళ్లు వేలాడుతున్నాయి.

“అయిపోయింది,” అన్నాడు. “కడుపంత రక్తమే. మిషన్ల నల్లగ కనిపిస్తదంట. చూపెట్టింది.”

నల్లోణ్ణి చెరకు చేను మూలన పెట్టాం. నేనూ మట్టి వేశాను.

ఆ తర్వాత కూడా బావ హోటల్‌కు వచ్చాడు. చాయ్ సగం నా గ్లాసులో వంచాడు. సగం బీడీ చెవి మీద పెట్టాడు. మారింది నేను. అతని ముందు కూర్చుంటే నా నోట్లోంచి సాగదీసిన మాట ఒక్కటి రాలేదు. వాన పడింది. బస్సు లేటు. వడ్లు ఇంకా కాంటా మీద తూకం కాలేదు. ఉన్నది ఉన్నట్టే. ఆ మాటల్లో కోయడానికి ఏముంది? బావ వేళ్లు బల్ల మీద ఊరికే పడుకుని ఉండేవి. “ఏంది, మీ బావ ఈ మధ్య సప్పగ మాట్లాడుతుండు?” అని చాయ్ పోసే ఆయన అడిగితే, బావ నన్నొకసారి చూసి, “పెద్దోడైతుండు,” అన్నాడు.

ఒకరోజు అతను లేనప్పుడు డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో చెప్తాను. ఒక్క మాట కోసం పోయాను. “అమ్మా, ఆ గడ్డ చెడ్డదే అయ్యుంటది కదా? తీసినా దక్కకపోతుండె కదా?”

“కావచ్చు తాతా. కాకపోవచ్చు. తియ్యలేదు గదా,” అంది.

“కావచ్చు” అన్న సగాన్ని చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాను. రెండో సగం మొన్న పిట్లం రోడ్డు మీద జానెడు గీతతో నడిచి వచ్చింది.

పోయిన వానాకాలం బావకు కళ్లు పచ్చబడ్డాయి. నిజామాబాద్ తీసుకుపోయి స్కానింగ్ చేయించారు. ఏమన్నారని వాళ్ల ఇంటామెను అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచం అరుగు మీదకు తెచ్చి వేశారు, అక్కడినుంచి అతనికి చేను కనిపిస్తుందని. నేను పక్కన పీట మీద కూర్చున్నాను. ఆమె ఇద్దరికీ చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. బావ తాగలేదు. అలవాటు తప్పకుండా నా గ్లాసులోకి వంచాడు. సగం కాదు, మొత్తం.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా. “గడ్డ ఎంతున్నదన్నరు బావా?” అన్నాను.

“నాది ఎంతున్నదో నాకెర్క.” కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. కళ్లు మూసుకునే అన్నాడు. “నల్లోనిది నిమ్మకాయంత.”

గ్లాసు నిండా ఉన్న చాయ్ నా వేళ్ల మీద ఒలికింది. కాలిందో లేదో తెలియలేదు.

“డాక్టరమ్మ చెప్పిందా?”

“ఆ పొద్దే చెప్పింది. నువ్వు బయట కూసున్నవు. నిమ్మకాయంతనే ఉన్నప్పుడు ఎందుకు కోపియ్యలే, ఇద్దరు ముసలోళ్లు గల్సి ఎందుకు సంపిన్రు అని నా మీద లేసింది.”

“మరి నన్నెందుకు అడగలె బావా? ఇన్నొద్దులు?”

“అడిగితె నువ్వు ఇంకోటి చెప్తువు. మల్ల గది గూడ కొయ్యాలె. నాకు శాతగాలె.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “తప్పు నీదొక్కనిదే గాదులే. ఎన్నడు కోసెటోణ్ణి, ఆ పొద్దు నేను గూడ కొయ్యలె. భయపడ్డ. భయపడ్డోడు ఎంత జెప్తె అంత నమ్ముతడు.”

ఈ మాట విన్నాక నాకు కొంచెం తేలిక కావాలి. కాలేదు. అతను తన భాగం కోసుకుని నా దాంట్లోంచి తగ్గించబోయాడు. కానీ అతను భయపడ్డాడని ఆ బల్ల దగ్గర నాకు కనిపించింది. వేళ్లు లేవలేదని చూసిన కళ్లు నావి.

తప్పైంది అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే.

“నీకేం గాదు బావా. పండుగ దాంక లేసి తిరుగుతవ్. నా కంటె ఇరవై ఏండ్లు ఎక్కువ బతుకుతవ్. రాసిస్త.”

చాలా రోజుల తర్వాత అతని ముందు నేను సాగదీసిన మాట అది. బావ కళ్లు తెరిచాడు. చెయ్యి దుప్పటి మీంచి మెల్లగా లేచింది. చూపుడు వేలూ నడిమి వేలూ, పచ్చబడినవి, సన్నబడినవి, నా మూతి ముందుకు వచ్చి విచ్చుకున్నాయి. నేను మెడ చాచి ఎదురుచూశాను. కోస్తే పదేళ్లు. కచ్ అంటే చాలు, ఇంకేమీ వద్దు.

వేళ్లు దగ్గరికి రాలేదు. అట్లాగే తెరిచి ఉండి, మెల్లగా దుప్పటి మీదకు దిగిపోయాయి. సత్తువ లేక అనుకున్నాను అప్పుడు. అతను నన్నే చూస్తూ ఉన్నాడు. కొంచెం నవ్వు కూడా ఉంది. ఇప్పుడు అనుకుంటాను, వద్దులే అనుకుని వదిలేశాడు.

ఇరవై ఏళ్లు కాదు, ఆ వానలైనా పూర్తిగా చూడలేదు.

మా ఇద్దరి సావాసంలో నా మాటలు ఎన్ని కోశాడో లెక్క లేదు. కోయకుండా వదిలినవి రెండే. రెండూ అబద్ధాలే.